మొక్కుకుంటే పుట్టిన కొడుకు

ఆలంపూర్ మ్యూజియంలో తల లేని ఒక స్త్రీ విగ్రహం ఉంది. తల ఉండాల్సిన చోట విచ్చుకున్న పద్మం. మోకాళ్లు రెండు పక్కలకు మడిచి, కాన్పుకు సిద్ధమైన భంగిమ. చరిత్ర చదివినవాళ్లు ఆమెను లజ్జాగౌరి అంటారు. ఊరివాళ్లకు ఆమె భూదేవి, రేణుకమ్మ. కడుపు పండని ఆడవాళ్లు ఆమెకు మొక్కుకోవడం ఇక్కడ తరాల నాటి ఆచారం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు, అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదోదైన జోగులాంబ గుడి, ఆ పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా. ఇన్ని ఉన్న ఊళ్లో సంతానం కోసం వచ్చిన తల్లి మాత్రం ఈ తల లేని అమ్మను అడుగుతుంది.

ఆ మొక్కులో షరతులు ఉండవు. బిడ్డ కావాలి, అంతే. పాతికేళ్ల తర్వాత ఆ బిడ్డే హైదరాబాద్ నుంచి దసరాకు ఇంటికి వచ్చి, రాత్రి అన్నాలయ్యాక వంటింటి గడప దగ్గర నిలబడి, 'అమ్మా, నాకు సంబంధాలు చూడకుండ్రి. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు' అంటాడు. అప్పుడు ఆ తల్లి ముందున్నది ధర్మసందేహమా, కుటుంబ సమస్యా, చుట్టాల ముందు తల ఎత్తుకునే సంగతా? ఆ క్షణాన ఆమెకు మూడూ కలిసే కనిపిస్తాయి. విడదీసి చూస్తే తప్ప దారి దొరకదు.

పాలమూరు పిల్లలు చదువుకని, కొలువుకని పట్నం బాట పట్టి ఎన్నో ఏళ్లయింది. అక్కడ వాళ్లు చూస్తున్న లోకం వేరు. హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడక 2013లో జరిగింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో తీర్పునిచ్చి, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధాన్ని 377 సెక్షన్ కింది నేరాల్లోంచి తీసేసింది. 2021 డిసెంబర్‌లో నగర శివార్లలోని ఒక రిసార్ట్‌లో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ బంధుమిత్రుల నడుమ ఉంగరాలు మార్చుకున్నారు. ఒకరు బెంగాలీ, ఇంకొకరు పంజాబీ. హల్దీ, మెహందీ, సంగీత్ అన్నీ జరిగాయి. తంతు నడిపించింది పురోహితుడు కాదు, సోఫియా డేవిడ్ అనే ట్రాన్స్ స్నేహితురాలు. కరోనా రెండో అలలో ఇద్దరూ జబ్బుపడి లేచాక, ఉన్నన్నాళ్లు నలుగురి ఎదుట కలిసి బతకాలన్న ఆలోచన గట్టిపడిందని వాళ్లే చెప్పుకున్నారు. తల్లిదండ్రులు మొదట పెద్దగా మద్దతివ్వలేదు, అడ్డమూ చెప్పలేదు. ఆ తర్వాత వచ్చి దీవించారు. తెలంగాణలో నలుగురికీ తెలిసేలా జరిగిన మొదటి గే పెళ్లిగా పత్రికలు దీన్ని రాశాయి.

ఈ ఫొటోలు వాట్సాప్‌లో ఆలంపూర్ చౌరస్తా దాకా కూడా వచ్చే ఉంటాయి. చూసినవాళ్లలో ఒకరు నవ్వుకుని ఉంటారు, ఇంకొకరు ఎవరికీ చూపించకుండా దాచుకుని ఉంటారు.

ఇంట్లో ఎదురయ్యే మొదటి మాట పాపం గురించి. 'మన శాస్త్రంలో ఉన్నదా ఇది?' శాస్త్రం తెరిస్తే తల్లిదండ్రులు అనుకున్న ఉగ్రరూపం కనిపించదు. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో మగవాడితో కలిసిన ద్విజుడికి చెప్పిన ప్రాయశ్చిత్తం కట్టుబట్టలతో స్నానం చేయడం. అదే శ్లోకంలో అదే స్నానం ఇంకెవరికి చెప్పారో చూస్తే నవ్వొస్తుంది: ఎడ్లబండిలో, నీళ్లలో, పట్టపగలు ఆడదానితో కలిసినవాడికి కూడా. ఆ లెక్కన కొత్త జంటలు చాలామంది బట్టలతోనే నదిలో మునగాలి. అయితే ఇక్కడే ఆగితే అది వకీలు వాదన అవుతుంది. అదే అధ్యాయం ఇంకోచోట ఈ పనిని జాతిభ్రంశం చేసే వాటిలో చేర్చింది. కన్యల విషయంలో మనువు శిక్షలు మరీ కఠినం. అర్థశాస్త్రం జుర్మానాలు వేసింది. కామసూత్రం దీని గురించి ఒక అధ్యాయమే రాసింది. ఇంత కలగాపులగంలోంచి ఒక్క ఆజ్ఞ తీసి కొడుకు నెత్తిన పెట్టడం కుదరదు. పదేళ్ల దాకా జైలు, లేదంటే యావజ్జీవం అన్న శిక్ష మన స్మృతులది కాదు. అది 1860లో ఇంగ్లీషు దొరలు రాసిన శిక్షాస్మృతిది.

ఆలంపూర్ సంగతి కొంచెం వేరు. 1956 దాకా ఇది నిజాం రాజ్యంలోని, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లా తాలూకా. నిజాం ప్రభుత్వం ఫస్లీ 1329లో, అంటే 1919లో, హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాసిపెట్టే చట్టం తెచ్చింది. ఆడబట్టలు కట్టుకుని బజారులో కనిపించినవాళ్లను వారంట్ లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకిచ్చింది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం కాగితాల్లో నిలిచింది. ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసే దాకా అది బతికే ఉంది.

పిల్లల వైపు నిలబడేవాళ్లు కూడా పురాణాలే విప్పుతారు. శిఖండి, బృహన్నల, మోహినీ అవతారం, అర్ధనారీశ్వరుడు. 2023 జనవరిలో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్ ఒక ఇంటర్వ్యూలో జరాసంధుడి సేనానులు హంసుడు, డింభకుడి కథ గుర్తు చేసి, ఇలాంటివాళ్లు సమాజంలో ఎప్పుడూ ఉన్నారన్నారు. రెండు నెలలకే అదే సంస్థ పెద్ద దత్తాత్రేయ హొసబాలె పెళ్లి అన్న సంస్కారం ఆడామగా మధ్యనే అని గీత గీశారు. ఈ పురాణ పాత్రల పట్టికలో ఒక చిక్కుంది. శిఖండి, బృహన్నల కథలు ఆడా మగా అన్న గుర్తింపు మారడం గురించి. ట్రాక్టర్ తోలుతూ, ఊరి క్రికెట్ టీంలో ఆడుతూ, ఏ మార్పూ కోరుకోకుండా, ఇంకో మగవాడి మీద మనసు పడిన కుర్రవాడు వాళ్లలో ఎవరు? ఎవరూ కాదు. గుడిగోడ మీది శిల్పం చూపించి ఇతన్ని ఒప్పించబోతే తండ్రి అడిగే ఎదురుప్రశ్న సూటిగా ఉంటుంది: 'వాడు దేవుడు, నువ్వెవరు?'

రెండో మాట వంశం. ఇది పాపం కన్నా బరువైనది, ఎందుకంటే ఇందులో ప్రేమ కూడా కలిసి ఉంది. 2021లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకు మధురై నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల కేసు వచ్చింది. తనకు ఈ విషయం సరిగా తెలియదని, తెలియకుండా తీర్పు రాయలేనని చెప్పి, జడ్జిగారు స్వయంగా మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ అమ్మాయిల తల్లిదండ్రులతోనూ ఆ నిపుణురాలు మాట్లాడారు. కోర్టుకిచ్చిన నివేదికలో వాళ్ల మనసు కనిపిస్తుంది: వంశం ఏమవుతుంది, దత్తత సంగతేమిటి అని తికమకపడుతున్నారు, కూతుళ్లు ఇలా కలిసి ఉండేకన్నా బ్రహ్మచర్యంలో ఉండిపోవడమే గౌరవం అనుకుంటున్నారు. మధురై అయినా మక్తల్ అయినా ఆ తికమక ఒకటే.

శాస్త్రంలో దీనికి పితృఋణం అని పేరు. కొడుకు లేనివాడికి పున్నామ నరకం, పిండం పెట్టే చేతులు ఉండవు. అయితే ఆ సంప్రదాయమే తనకు తాను వేసుకున్న మినహాయింపులు లెక్కలేనన్ని. దత్తపుత్రుడు సొంత కొడుకుతో సమానమని ధర్మశాస్త్రాలే అన్నాయి. సన్న్యాసికి ఈ ఋణం అడ్డు రాలేదు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం భీష్ముడు. పెళ్లాడలేదు, పిల్లల్లేరు. మరి అతనికి తర్పణం ఎవరు వదలాలి? మాఘ శుద్ధ అష్టమి నాడు ఎక్కడెక్కడి జనమో, ఏ గోత్రం వాళ్లో, నదిలో నిలబడి భీష్ముడికి నీళ్లు వదులుతారు. సంతానం లేని ఒక్క మనిషి కోసం ఏడాదిలో ఒక తిథినే కేటాయించిన ధర్మం, ఇంకొకడి ఇంట్లో మనవలు పుట్టరని అతన్ని వెళ్లగొట్టమంటుందా?

నిజానికి వంశం గురించిన భయం కూడా పైపొరే. దాని కింద ఉన్నదాన్ని నల్లగొండ జిల్లా కళ్లారా చూసింది. సుప్రీంకోర్టు 377పై తీర్పు చెప్పిన ఎనిమిది రోజులకు, 2018 సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి దగ్గర ప్రణయ్ అనే దళిత యువకుణ్ని నరికి చంపారు. పక్కనే గర్భంతో ఉన్న భార్య. చంపించింది ఆమె తండ్రి. ఇది గే పిల్లల కథ కాదు. ఆడామగా కథే, పెళ్లయినవాళ్ల కథే, కడుపులో బిడ్డ ఉన్నవాళ్ల కథే. వంశం ఆగిపోతుందన్న భయం అక్కడ లేదు. శాస్త్రం పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఉన్నది పరువు. ఏడేళ్ల లోపు, 2025 మార్చిలో, నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అప్పటికే ఆ తండ్రి చనిపోయి అయిదేళ్లయింది.

పాపం, వంశం అన్న మాటలు చాలా ఇళ్లలో పరువు తొడుక్కున్న చొక్కాలు. అందుకే మతాన్ని అడగాల్సిన ప్రశ్న 'ఇది శాస్త్రంలో ఉందా' అన్నది కాదు. 'పరువు ధర్మమేనా' అన్నది.

దానికి ఆలంపూర్ దగ్గర ఒక కథ ఉంది. రేణుక నీళ్లకు వెళ్లి, జలక్రీడలాడుతున్న ఒక రాజును చూసి ఒక్క క్షణం మనసు చెదిరింది. జమదగ్నికి తెలిసిపోయింది. తల్లిని చంపమని కొడుకులకు చెప్పాడు. నలుగురు చేయలేదు, శాపానికి గురయ్యారు. అయిదోవాడు పరశురాముడు నరికాడు. భారతంలోని వనపర్వంలో పరశురాముడు కోరిన వరాల్లో ఇవి ఉన్నాయి: తల్లి బతకాలి, ఆమెకు ఈ చావు గుర్తుండకూడదు, అన్నలు మామూలు మనుషులు కావాలి. ఆలంపూర్ స్థలపురాణం అక్కడితో ఊరుకోలేదు. తెగిన తల ఎల్లమ్మ అయిందని, మొండెం ఇక్కడ భూదేవి అయిందని చెబుతుంది. కోరిక పుట్టినందుకు ఇంటి పెద్ద మరణశిక్ష వేసిన కథ ఇది. ఈ ప్రాంతపు జనం బిడ్డల కోసం మొక్కేది ఆ శిక్ష వేసిన ఋషికి కాదు, ఆ శిక్ష అనుభవించిన అమ్మకు. పండితులు ఏ భాష్యం రాసినా, ఎవరి పక్షాన నిలబడాలో జనం పసుపు కుంకుమలతో తేల్చేశారు. తండ్రి మాట కాదన్న ఆ నలుగురు కొడుకుల వైపు కూడా ఒకసారి చూడాలి. కన్నతల్లి మీద గొడ్డలి ఎత్తనన్నవాళ్లు అధర్మపరులని ఈ రోజు ఎవరంటారు?

ఇక తత్వం. ఆత్మకు ఆడా మగా లేదని ఉపనిషత్తు చెప్పిందని హరికథల్లో, ప్రవచనాల్లో వింటూనే ఉంటాం. ఆ మాటను పెళ్లి పీటల దాకా తీసుకెళ్లినవాళ్లు తక్కువ. 'మానవ కంప్యూటర్' శకుంతలాదేవి 1977లో స్వలింగ ప్రేమికుల మీద ఒక పుస్తకం రాశారు. అంకెల మనిషికి ఇదేం పని అని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవారుంటారు. ఆ పుస్తకం కోసం ఆమె శ్రీరంగం ఆలయానికి చెందిన శ్రీనివాస రాఘవాచారియార్ అనే పండితుణ్ని కలిశారు. ఈ జన్మలో ఒకే లింగంలో పుట్టి ప్రేమించుకునేవాళ్లు పోయిన జన్మలో ఆలుమగలై ఉంటారని, దేహం మారినా ఆత్మబంధం పోదని ఆయన చెప్పారు. పునర్జన్మను నమ్మే మనిషికి ఇంతకన్నా నేరుగా అందే జవాబు లేదు. 2002లో అమెరికాలోని సియాటిల్‌లో ఇద్దరు స్త్రీలకు హిందూ పద్ధతిలో పెళ్లి చేసిన శైవ పూజారి కూడా ఇదే దారిలో ఆలోచించారు: పెళ్లి ఆత్మలది, ఆత్మకు లింగం లేదు. సప్తపదిలో ఏడో అడుగు సఖ్యం కోసం వేస్తారు. సంతానం కోసం వేసే అడుగు వేరే ఉంది, అది ఏడోది కాదు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. ఆత్మకు లింగం లేకపోతే కులమూ లేదు, మరి పెళ్లి సంస్కారం మాత్రం దేహానికే కదా అంటారు సంప్రదాయవాదులు. ఆ వాదాన్ని తోసిపారేయలేం. కానీ దేహ సంస్కారాలు కాలంతో మారాయన్నది తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. చట్టానికీ పెళ్లికీ నడుమ పాతికేళ్లు. ఆ పెళ్లికి వంట చేసేవాళ్లు దొరకలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు దొరకలేదు, భార్య రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి బిందెలు మోసింది. వెలివేతలూ తప్పలేదు. అప్పుడు సంస్కర్తలకు పరాశర స్మృతిలో ఒక శ్లోకం దొరికింది. ఇప్పుడు గే పిల్లలకు అలాంటి శ్లోకం లేదు. అయినా ఆ రోజు పెళ్లిని నిలబెట్టింది శ్లోకం ఒక్కటే కాదు, బిందె ఎత్తిన ఆవిడ కూడా. కాలంతో కదలడానికి సాక్ష్యం ఆలంపూర్‌లోనే ఉంది, ఇక్కడ దేవుళ్ల ఇళ్లే జాగా మారాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగబోతే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు.

ముస్లిం, క్రైస్తవ ఇళ్లలో దారి ఇంకా ఇరుకు, ఎందుకంటే అక్కడ గ్రంథంలో నిషేధం సూటిగా ఉందన్న నమ్మకం బలంగా ఉంది. పెళ్లి హక్కు కేసులో జమియత్ ఉలేమా ఎ హింద్ సుప్రీంకోర్టుకెళ్లి వ్యతిరేకించింది. ఆ నమ్మకాల లోపల కూడా కదలిక లేకపోలేదు. లూత్ ప్రవక్త కథలో శిక్ష పడింది అతిథుల మీద దౌర్జన్యానికే అని స్కాట్ కూగల్ వంటి పండితులు రాశారు. 2023 డిసెంబర్‌లో వాటికన్ ఇలాంటి జంటలను పూజారులు ఆశీర్వదించవచ్చని అనుమతిచ్చింది, అది పెళ్లి కాదన్న షరతుతో.

చట్టం ఎక్కడుందో కూడా తెలిసి ఉండాలి. సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. పెళ్లి కాకున్నా ఆ బంధానికి గుర్తింపు ఇవ్వాలా అన్నచోట ఇద్దరు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయ్యారు. కలిసి బతికే స్వేచ్ఛకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ కేసు నడుస్తుండగా 400 మందికి పైగా తల్లిదండ్రులు 'స్వీకార్' అనే బృందం తరఫున ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు: మా పిల్లల పెళ్లి మేం బతికుండగా చూడాలని ఉంది అని. కొడుకు పెళ్లి కళ్లారా చూడాలన్నది ఏ తెలుగు తల్లికి లేని కోరిక? 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల కేసు వచ్చింది. ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకెళ్లి ఉంచేశాడు. ఆమె కోర్టుకొచ్చి స్నేహితురాలితోనే ఉంటానంది, తల్లిదండ్రుల మీద కేసులు కూడా వద్దంది. కోర్టు ఆమె కోరినట్టే పంపింది. ఇంటి మీద కోపం పెట్టుకోకుండా ఇల్లు వదిలిన ఆ కూతురి పెద్దమనసుకు ఏ శాస్త్రంలోంచి ప్రమాణం తేవాలి?

కుటుంబాల్లో మార్పు ఎలా వస్తుందో గమనిస్తే అది ప్రవచనంతో వచ్చేది కాదని తెలుస్తుంది. సాధారణంగా ముందు అమ్మకో అక్కకో తెలుస్తుంది. నాయనకు చెప్పే బాధ్యత ఆమె మీద పడుతుంది. కొన్నాళ్లు మాటలుండవు. తర్వాత 'తిన్నావా బిడ్డా' అన్న ఫోన్ వస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో 'నీ దోస్తును కూడా తీస్కరా పండక్కి' అన్న మాట. ఊరికి చెప్పడం చాలా ఇళ్లలో ఇంకా జరగలేదు. చుట్టాలకు 'వానికి పెండ్లి మీద మనసు లేదు' అన్న జవాబే నడుస్తోంది. దీన్ని పూర్తి అంగీకారం అనలేం, కానీ పెళ్లికి ఒప్పించి ఒక అమ్మాయిని వెతికి ఇద్దరి బతుకులు పాడు చేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. కొడుకు సంగతి దాచి కట్టబెట్టిన పెళ్లిలో నష్టపోయే ఆడపిల్లకు కూడా ఒక తల్లి ఉంటుంది, ఆమె కూడా ఎక్కడో మొక్కుకునే ఉంటుంది.

2024లో కేంద్రం కొన్ని చిన్న ఉత్తర్వులిచ్చింది. ఇలాంటి జంటలను రేషన్ కార్డుకు ఒకే ఇంటివాళ్లుగా చూడవచ్చు, బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవవచ్చు, నామినీగా పెట్టుకోవచ్చు. దగ్గరి రక్తసంబంధీకులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకునే వీలు కల్పించాలని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. పిండం పెట్టేదెవరన్న ప్రశ్న ఇలా రేషన్ దుకాణం మీదుగా, ఆసుపత్రి మీదుగా తిరిగి మతం గడపకే వచ్చింది.

పిల్లవాడు నోరు విప్పిన మర్నాడు పాలమూరు, నల్లగొండ ఊళ్లలో తల్లిదండ్రులు మొదట పోయేది కోర్టుకు కాదు. జాతకం చూసే సిద్ధాంతి దగ్గరికి, తాయెత్తు కట్టేవాడి దగ్గరికి, ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి, పాస్టరు గారి దగ్గరికి, దర్గా ముజావర్ దగ్గరికి. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. దాన్ని మారుస్తామంటూ వైద్యం చేయడం వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. కాబట్టి వాళ్లు వెళ్లే ఆ పెద్దలకు ఒక విన్నపం: భయంతో వచ్చిన ఆ అమ్మానాయనలకు గ్రహదోషం పేరు చెప్పకండి, గాలి సోకిందనకండి, 'పెండ్లి చేస్తే సర్దుకుంటది' అని మాత్రం అసలే అనకండి. బిడ్డను ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టమనండి. మనసు మరీ కుదురుగా లేకపోతే టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి. అందులో తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు.